దర్జీ పరిచిన రాళ్లు

మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాక, కొత్త చొక్కా కుట్టించుకునే నాథుడు లేక దర్జీ దుకాణానికీ తాళం పడింది. పనిలేనివాళ్లకు నాలుగు మెతుకులు దొరకాలని సర్కారు వేయిస్తున్న రోడ్డు మీద ఇప్పుడాయన రాళ్లు పరుస్తున్నాడు. మెడలో టేపు మాత్రం దిగలేదు. ఒక్కో రాయినీ గుడ్డముక్కలా తిప్పి చూస్తాడు, బొటనవేలితో అంచు తడుముతాడు, కొలిచి మరీ పెడతాడు. "రోడ్డుకి చొక్కా కుడుతున్నావా బావా?" అని తోటివాళ్లు నవ్వుతారు. ఒళ్లు దాచుకోవడం ఆయనకు చేతకాదు. నిన్న తన వంతు మధ్యాహ్నానికే ముగించి నడుం వాల్చబోతుంటే, పక్కన మట్టి తవ్వే ముసలాయన మెల్లగా అన్నాడు: "తమ్ముడూ, నీ పనితనానికి వంక పెట్టలేం. కానీ రోడ్డు అయిపోతే మన పనీ అయిపోయినట్టే కదయ్యా. ఇంట్లో నన్ను నమ్ముకుని ఐదుగురున్నారు."

ఈ ఉదయం దర్జీ అందరికన్నా ముందొచ్చి, నిన్నటి వరసను కుట్లు విప్పినట్టు ఒక్కో రాయీ ఊడదీయడం మొదలుపెట్టాడు. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"నిక్షేపంలాంటి వరస! ఎందుకయ్యా పీకుతున్నావ్?"

ముప్పై ఏళ్ల కుట్టుపనిలో ఏ ఒక్కరి ముందూ అనని మాట, తలెత్తకుండా అన్నాడు దర్జీ.

"కొలత తప్పిందండీ."