ఇప్పుడు తెరిచి ఉంది

మా వీధి కొళాయికి మర్యాద తెలీదు. ఎండాకాలం కర్నూల్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని అందరికీ తెలుసు, దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా వేళ గురించి. ముఖానికి సబ్బు పట్టించాక పోతాయి. గేటుకు తాళం వేసి వీధి మలుపు తిరిగాక వస్తాయి. బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్న వాళ్లింటికి రావు, ఊరెళ్లిన వాళ్లింటికి వచ్చి వాకిలంతా తడిపి పోతాయి. వాల్వు తిప్పే ఆయన్ని ఒకసారి పట్టుకుని అడిగాను. నీళ్లు చెప్పి రావు సార్ అన్నాడు. అప్పుడు నవ్వాను.

నేను పనిచేసేది ఈ ఊళ్లోనే ఒక పాత గ్రంథాలయంలో. పేరు చెప్పను, చెప్పినా చందాదారులు పెరగరు. ఒకప్పుడు మా సంస్థ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో బీరువా పెట్టి, దాన్ని చూసుకోవడానికి అక్షరం ముక్క వచ్చిన మనిషినొకణ్ణి వెతికి, బీరువానీ మనిషినీ కలిపి ‘శాఖ’ అని పిలిచేది. బీరువాలు ఇప్పుడు లేవు. మనుషులూ చాలావరకు లేరు. కేటలాగు మాత్రం ఉంది. కార్డుల మీద ఉన్నదాన్ని ఎవరో ఓపికపరులు చాలా ఏళ్ల కిందట కంప్యూటర్లోకి ఎక్కించి రిటైరయ్యారు.

ఆ కేటలాగు మొత్తాన్నీ కొత్త ప్రమాణంలోకి మార్చాలని పైనుంచి కాగితం వచ్చింది. పని నాకు అప్పగించారు, ఎందుకంటే ఆ కాగితాన్ని చివరిదాకా చదివింది నేనొక్కణ్ణే. అదేం పని అని మా ఇంట్లో అడిగితే ఇలా చెప్పాను: పాత రికార్డు ఒక సంచి. రచయిత, పుస్తకం పేరు, వెల, ‘అట్ట చిరిగినది’ అన్న ఫిర్యాదు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కొత్తది పోపులపెట్టె. ఒక్కో సంగతికి ఒక్కో గిన్నె, గిన్నెకొక నంబరు. ఆవాల గిన్నెలో జీలకర్ర పడితే యంత్రం ఊరుకోదు. గిన్నె ఖాళీగా ఉంటే అసలే ఊరుకోదు. దీనివల్ల జీతం ఏమైనా పెరుగుతుందా అన్నారు. వివరణ అక్కడితో ఆపాను.

ఇబ్బంది పెట్టినవి రెండు గిన్నెలు. పుస్తకం ఏ శాఖలో ఉందన్నది ఒకటి. ఇప్పుడు ఎలా ఉందన్నది రెండోది. రెండోదానికి నాలుగే జవాబులు: షెల్ఫులో ఉంది, పాఠకుడి దగ్గర ఉంది, మరమ్మతులో ఉంది, పోయింది. పాత రికార్డుల్లో ఈ సంగతే లేదు కాబట్టి అన్నిటికీ గుత్తగా ‘షెల్ఫులో ఉంది’ అని పెట్టాను. శాఖకు వేళలు కూడా కావాలంది యంత్రం. అన్ని శాఖలకూ పాత వేళలే ఇచ్చేశాను: ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు.

ఆ శాఖల్లో ఒకటి ఆత్మకూరు అవతల, డ్యాం వెనకనీళ్ల కింద ఉంది. నేను పుట్టక ముందు మునిగిన ఊరు. ఆ సంగతి నాకు తెలీక కాదు. ఆ ఊరిని తీసేస్తే దాని కింద ఉన్న రికార్డులన్నీ దిక్కులేకుండా ఆగిపోతాయి, ఎక్కించాల్సిన గడువేమో దగ్గర పడింది. పైగా మా కేటలాగును మాతో సహా ఎవరూ చూడరని నా అనుభవం.

కొత్త కేటలాగును ప్రయోగంగా వెబ్‌సైటులో పెట్టిన సాయంత్రం, ఎలా ఉందో చూద్దామని శాఖల మ్యాపు తెరిచాను. కర్నూలు దగ్గర ఒక చుక్క. ఆత్మకూరు దగ్గర ఒక చుక్క. ఇంకొంచెం ఉత్తరాన అంతా నీలం, ఆ నీలం మధ్యలో ఒక ఎర్రచుక్క. దాని మీద నొక్కితే ఊరి పేరు, కింద ఆకుపచ్చ అక్షరాల్లో ‘ఇప్పుడు తెరిచి ఉంది’.

గోడ గడియారం చూశాను. నాలుగు దాటింది. యంత్రం అబద్ధమేమీ ఆడలేదు, నేను చెప్పిందే నాకు తిరిగి చెప్పింది. అయినా వీపు మీద ఎవరో తడిచెయ్యి పెట్టినట్టయి ఫ్యాను ఒక పాయింటు తగ్గించాను.

కొన్నాళ్లకు ఆ శాఖకు ఒక వినతి వచ్చింది. కోళ్ల పెంపకం మీద పుస్తకం కావాలి, తీసుకునే చోటు: అదే ఊరు. నేను చూసేలోపే యంత్రం మర్యాదగా జవాబు పంపేసింది. మీరు కోరిన పుస్తకం షెల్ఫులో ఉంది, ఏడు గంటల్లోపు శాఖకు వచ్చి తీసుకోగలరు.

ఆ వినతి పంపినావిడ మరుసటి వారం బస్సెక్కి మా దగ్గరికే వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఆత్మకూరులో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుందట. ముందు రీడింగు రూమంతా ఒకసారి తిరిగి చూసి, తర్వాత నా బల్ల ముందు కూర్చుని, ఫోను తీసి ఆ ఆకుపచ్చ అక్షరాలు చూపించింది. పొరపాటైందమ్మా, తీయిస్తానని మొదలుపెట్టాను. తీయొద్దని చెప్పడానికే వచ్చానంది.

ఫోన్లో ఊరి పేరు ఎన్నిసార్లు కొట్టినా చేపలవేట ఫొటోలు తప్ప ఏమీ వచ్చేవి కావట. మొన్న కొడితే మా లైబ్రరీ వచ్చింది. ఆ శాఖ ఉండింది వాళ్లింట్లోనే. ముందు గదిలో, గోడలో కట్టిన బీరువా. చూసుకునేది వాళ్ల నాయన. ఆయన గురించి ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: డిటెక్టివ్ నవల ఎవరైనా తీసుకుంటే, రాసుకుని చేతికిచ్చే ముందు హంతకుడెవరో చెప్పేసేవాడట. అలా అయితే పుస్తకం తొందరగా తిరిగొస్తుందని. నా సర్వీసులో ఇంతకంటే మంచి పద్ధతి నేను వినలేదు.

ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, పుస్తకాలు ఎవరికి అప్పజెప్పాలో చెప్పమని ఆయన మా సంస్థకు రాశాడు. జవాబు రాలేదు. సంస్థ సొత్తు ఉత్తర్వు లేకుండా ఊరు దాటించకూడదని ఆయన పట్టు. అందరూ తలుపులు, దూలాలు కూడా పీక్కుని బండ్లకెత్తుతుంటే ఈయన బీరువాలో పుస్తకాలు నంబరు ప్రకారం సర్దుతూ కూర్చున్నాడట. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి, నీళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. ఆ తర్వాత మా సంస్థ నుంచి జవాబు వచ్చింది: పుస్తకాలు పోగొట్టినందుకు సంజాయిషీ చెప్పాలని. పోగొట్టడం ఏమిటి, పెట్టిన చోటే ఉన్నాయి అని ఆయన ప్రాణం ఉన్నంతవరకూ అందరితో అంటూనే ఉన్నాడు. అప్పటినుంచీ ఆ ఊరివాళ్లు ఎక్కడ కలిసినా, ఆయన పుస్తకాలు పోగొట్టిన మనిషే. పెళ్లిళ్లలో కూడా నవ్వేవాళ్లు.

“మీ లైబ్రరీ వాళ్లే రాసినారు సార్, షెల్ఫులో ఉండాయని. మా నాయన చెప్పిందే మీరూ చెప్పినారు,” అందామె. “అది అట్లే ఉండనీ. నేను ఇంకేమీ అడగను.”

గుత్తగా పెట్టిన సంగతి దాచుకున్నాను. అట్లే ఉంచడానికి చూస్తానన్నాను. ఆఫీసు భాషలో ఈ మాటకు అర్థం లేదు, ఆమె మాత్రం అర్థం ఉందనుకుని లేచింది.

ఆమె వెళ్లి మిగిలిన వాళ్లకు చెప్పినట్టుంది. ఆ ఊరివాళ్లు ఎక్కడెక్కడ చెదిరిపోయారో నాకు తెలీదు, సాయంత్రం నాలుగు కాగానే వినతులు రావడం మొదలైంది. ఏ పుస్తకమన్న పట్టింపు లేదు. వరి తెగుళ్లు, ఇంటి వైద్యం, పాత రైళ్ల వేళలు. అందరికీ తీసుకునే చోటు ఒకటే. అందరికీ యంత్రం జవాబిచ్చింది: షెల్ఫులో ఉంది, వచ్చి తీసుకోగలరు. మా రీడింగు రూములో ఆ వేళకు నేనూ, పేపరు కప్పుకుని నిద్రపోయే ఒక పెద్దాయనా ఉండేవాళ్లం. మా శాఖలన్నిట్లో జనం ఆదరణ ఉన్నది ఆ ఒక్కదానికే. పైవాళ్లకు నెలవారీ నివేదికలో ఆ ముక్క రాయలేదు, అక్కడికి బదిలీ చేస్తారేమోనని.

ఇంతలో ఈ మార్పిడి పనిని కాంట్రాక్టుకు తీసుకున్న సాఫ్ట్‌వేర్ ఆయన హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. ఆ శాఖ పక్కన ‘సరిచూడలేదు’ అని పసుపు గుర్తు ఉందన్నాడు. అలా వదిలేస్తే ఏమవుతుందన్నాను. ఏమీ కాదు, అలాగే అసలు కేటలాగులోకి పోతుందన్నాడు. లేదంటే ఎవరైనా అక్కడికి పోయి చూసి ఫోన్లో గుర్తు పెడితే ఆకుపచ్చ అవుతుంది, ఇక ఎవరూ కదిలించలేరు. అది నీళ్లలో ఉంది బాబూ అన్నాను. అయితే ఎండాకాలం పోండి సార్ అన్నాడు.

వదిలేస్తే సరిపోయేది. కానీ ఎవరూ కదిలించలేరన్న మాట నాకు నచ్చింది. వేసవిలో నీళ్లు తగ్గి ఆ ఊరు బయటపడుతుందని విన్నాను. పోయి చూస్తే ఏదో ఒకటి, కనీసం బీరువా చట్రం, కనిపించకపోతుందా, దాన్ని చూసి ధైర్యంగా ఆకుపచ్చ చేసేయొచ్చు, ఆమెకు జన్మంతా చింత ఉండదు అనుకున్నాను. ఫోను చేసి చెప్తే ఆమె సంబరపడలేదు. చూసేదేముందప్పా, ఉండాయని చెప్తాండా గదా అంది. నేనే బలవంతపెట్టాను.

ఆత్మకూరు నుంచి ఆటోలో పోయాం. తారు రోడ్డు నీళ్ల ఒడ్డుకు వచ్చి ఆగిపోతుందనుకున్నాను. అది ఆగదు, దిగుతుంది. మామూలు రోజుల్లో నీళ్లలోకి దిగిపోయే రోడ్డు ఆ రోజు నెర్రెలిచ్చిన బురదలోకి దిగింది. పక్కన ఒక మైలురాయి ఉంది, అక్షరాలు లేవు. ఆటోవాడు అక్కడే నిలిపేశాడు. నడుస్తుంటే కాలి కింద ఆల్చిప్పలు పటపట విరుగుతున్నాయి. పైన ఎండ, కింద ఆల్చిప్పలు, మా కర్నూలు జిల్లాలో ఈ రెండూ ఒకచోట చూడటం నాకదే మొదలు.

ఊరంతా మోకాలెత్తు. గోడలు కరిగిపోయి పునాదులు మిగిలాయి. ఒక్కో ఇంటి నడుమ నాపరాళ్ల బండలు, ఒక మూల రోలు. రోళ్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, వాటిని ఎవరూ మోసుకుపోలేదు. ఆమె సందు సందూ తిరుగుతూ నడుస్తోంది. అడ్డంగా పోతే ఇరవై అడుగులు, ఆమె మలుపులు తిరిగి పోతోంది.

వాళ్లింటి ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందరూ ముసలివాళ్లే. బద్వేలులో బట్టల కొట్టున్నాయనొకడు ఫోను ఎత్తి చూపించాడు. “మెసేజ్ వచ్చింది సార్, పుస్తకం సిద్ధమంట. ఏడుకు మూసేస్తారని తొందరగా వచ్చినాం,” అన్నాడు. మిగిలినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నీళ్లు దూరంగా మెరుస్తున్నాయి. వాళ్లందరూ నీళ్లకు వీపు పెట్టి కూర్చున్నారని అప్పుడు గమనించాను.

ఆమె లోపలి నుంచి పిలిస్తే, ఎదురుగానే కదా అని పునాది దాటి అటు అడుగేశాను.

“ఏమప్పా,” అందామె, “గోడలో నుంచి వస్తాండావు?”

ఎవరూ నవ్వలేదు. వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి, వాకిలి ఉండిన చోట చెప్పులు విప్పి లోపలికి పోయాను. బండలు కాలుతున్నాయి. ఇంతలో బద్వేలాయన పక్కింటి దాకా పోయి, లేని గుమ్మం ముందు నిలబడి ఎవరినో పిలిచి, కాసేపు ఆగి, తిరిగొచ్చి చెప్పాడు, లేరని. నాకు చెమటలు పట్టింది ఎండకేననుకున్నాను.

బీరువా చోటు ఆమె చూపించింది. గోడ అక్కడా మోకాలెత్తే. అట్టడుగు అర మాత్రం మిగిలింది, గోడలో పొదిగిన నాపరాయి పలక. దాని మీద ఒండ్రు పొరలు పొరలుగా ఎండి అంచులు లేచి ఉంది. అది దేనిలా ఉందో చెప్పను. నా ఉద్యోగంలో ఉన్నవాడికి అన్నీ అలాగే కనిపిస్తాయి.

ఫోను తీశాను. శాఖ పేరు, కింద ఆకుపచ్చగా ‘ఇప్పుడు తెరిచి ఉంది’. నిజమే, ఐదున్నర. ‘సరిచూడు’ అన్నచోట నొక్కాను. ఒక గీత సిగ్నల్ మీద చాలాసేపు తిరిగి, నేను ఆ చోటే ఉన్నానని యంత్రం ఒప్పుకుంది. ఒప్పుకుని ఒక ప్రశ్న వేసింది: పుస్తకాలు స్థానంలో కనిపించాయా? అవును, కాదు. వెనక్కి పోవడానికి బాణం గుర్తేమైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. ‘కాదు’ అంటే అన్నీ ‘పోయింది’ కిందికి పోతాయి, పక్కనే ఎవరి బాధ్యతలో పోయిందన్న గడి తెరుచుకుంటుంది. అది నింపాల్సిన పని కూడా లేదు, పాత రికార్డులో వాళ్ల నాయన పేరు ఉంది. ‘అవును’ అంటే నేను కళ్లారా చూసినట్టు.

ఏమడుగుతాండాది అందామె. చదివి వినిపించాను. బయట కూర్చున్నవాళ్లు నావైపు తిరిగారు.

“లేవు కదమ్మా,” అన్నాను.

ఆమె వంగి, కొంగుతో ఆ రాతిపలక మీది మట్టి తుడిచింది.

“నువ్వొచ్చి చూసేదాకా అవి యాడికీ పోలేదప్పా.”