ప్రసన్న రూలు

ప్రసన్నకుమారి మా ఆళ్లగడ్డకు వచ్చింది 1997లో, వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచే ముందు. వాళ్లమ్మ జీవమ్మ టీచరుగారికి నంద్యాల నుంచి బదిలీ అయింది. చర్చి పక్క సందులో, మా ఇంటికి ఎదురుగా, బండలు పరిచిన వరండా ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. లారీలోంచి సామాను దించుతుండగానే ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని, రబ్బరు బ్యాండు తీసి, ట్రంప్ కార్డుల కట్ట ఒళ్లో పరుచుకుంది. అన్నీ కుస్తీ పహిల్వాన్ల కార్డులు. సందులో గోళీలాడుతున్న మేమంతా ఆట ఆపేసి ఆమెనే చూశాం. అప్పటిదాకా ఆడపిల్ల చేతిలో ఆ కార్డులు మేమెవ్వరం చూడలేదు.

ఆ రోజుల్లో పిల్లలందరికీ అదే పిచ్చి. ఒక్కో కార్డు మీద ఒక పహిల్వాన్ బొమ్మ, కింద అతని ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు అంకెల్లో ఉండేవి. కార్డులు సమానంగా పంచుకుని, ఎవరికి వాళ్లు పైకార్డు మాత్రమే చూసుకోవాలి. వంతు వచ్చినవాడు తన కార్డులో బలమైనదేదో చూసుకుని "బరువు" అనో "ఛాతీ" అనో పిలుస్తాడు. అందరూ కార్డులు తిప్పుతారు. పెద్ద అంకె ఉన్నవాడికి అన్ని కార్డులూ. ర్యాంకులో మాత్రం చిన్న అంకెదే గెలుపు. చేతిలో కార్డులు అయిపోతే ఔట్. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. రెండు రూళ్లు ఒకదానికొకటి ఎదురుపడినప్పుడే గొడవలు వచ్చేవి.

మా సందులో ఆటకు పెద్ద మహేశ్వర్. వాళ్ల నాయన అహోబిలం రోడ్డులో జీపు నడిపేవాడు. ఒకటో ర్యాంకు కార్డు దేన్నైనా కొడుతుందనేది మహేశ్వర్ రూలు. మొదటి రోజే ప్రసన్న దాని మీద పడింది.

"యాడిదీ రూలు? మా నంద్యాల్లో లేదే."

"ఇది ఆళ్లగడ్డ. ఈడ ఇంతే."

"సరే. మరి ఇద్దరికీ అంకె సమానం వస్తే?"

"మళ్లీ పిలవాల."

"అది కాదు నేను అడుగుతాండేది. ఆ కార్డులు యాడ పెట్టాల? చేతిలోనా, మధ్యలోనా?"

అప్పటిదాకా మాకు సమానం వచ్చినప్పుడల్లా, గట్టిగా అరిచినవాడే కార్డులు ఎత్తుకునేవాడు. ఆ అరిచేది ఎక్కువగా మహేశ్వరే.

నంద్యాల పద్ధతి ఆమె చెప్పింది. సమానం వస్తే ఆ పట్టులో దిగిన కార్డులన్నీ మధ్యలో కుప్పగా పెట్టాలి. తర్వాతి పట్టు గెలిచినవాళ్లు కుప్ప కూడా తీసుకోవాలి. అది మాకందరికీ నచ్చింది. అలా ఆళ్లగడ్డ రూలూ నంద్యాల రూలూ కలిపి ఆడటం మొదలుపెట్టాం. కూర్చోగానే రూళ్లన్నీ పైకి చెప్పించేది ప్రసన్న. "మొదట్లోనే చెప్పుకోవాల. మధ్యలో పుట్టే రూలు చెల్లదు," అనేది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు మేం అప్పజెప్పేవాళ్లం. మొదట్లో నవ్వొచ్చేది గానీ, కొట్లాటలు మాత్రం నిజంగానే తగ్గాయి.

ఒకసారి నా ఆఖరి కార్డు సమానం వచ్చి కుప్పలోకి వెళ్లింది. నేను ఓడిపోలేదు, అయినా చేతిలో ఏమీ లేదు. ఔటా, కాదా? అందరం ప్రసన్న వైపు చూశాం. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"మల్లికార్జునా, నువ్వు ఔటే. కుప్పలో ఉండేది ఎవురిదీ కాదు. చేతిలో లేకుంటే ఆడేదానికి లేదు."

నాకు ఒళ్లు మండింది. అయినా లేచి పక్కకు జరిగాను.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం ప్రసన్న, మహేశ్వర్, నేను వాళ్ల వరండాలో నిజం ఆటకు కూర్చున్నాం. ఉత్తుత్తి ఆటలో చివర ఎవరి కార్డులు వాళ్లకు ఇచ్చేస్తాం. నిజం ఆటలో గెలుచుకున్నవి గెలిచినవాళ్లకే. కార్డులు చాలవని ప్రసన్న తెచ్చిన పాత కట్టనూ, మహేశ్వర్ కొన్న కొత్త కట్టనూ కలిపేశాం. రూళ్లు అప్పజెప్పుకున్నాం. రెండు కట్టలు కలిస్తే ఒకటో ర్యాంకు కార్డులు రెండు ఉంటాయని మాకెవ్వరికీ తట్టలేదు.

పాత కట్టలోని ఒకటో ర్యాంకు ముసుగు పహిల్వాన్‌ది. అది ప్రసన్నకు ప్రాణం. నంద్యాల వదిలి వచ్చే రోజు ఆమె స్నేహితురాలు రమ్య బస్టాండుకు పరుగెత్తుకొచ్చి, బస్సు కిటికీలోంచి ఇచ్చిన కార్డు అది.

ఆట ప్రసన్నకు కలిసిరాలేదు. ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ వచ్చి చివరికి ఒక్క కార్డుతో మిగిలింది. అయినా దిగులు పడకుండా కూర్చుని ఉంది. ఆ కార్డేదో మాకు అర్థమైపోయింది. మహేశ్వర్ తన పైకార్డు చూసుకుని నవ్వాడు.

"బరువు."

ముగ్గురం తిప్పాం. నాది పనికిమాలిన కార్డు. ప్రసన్నది ముసుగు పహిల్వాన్. మహేశ్వర్‌ది కొత్త కట్టలోని ఒకటో ర్యాంకు.

ఒకటో ర్యాంకు దేన్నైనా కొడుతుంది. రెండూ ఒకటే అయితే ఏది దేన్ని కొడుతుంది? ప్రసన్నే తేల్చింది.

"రెండూ గెలిచినట్టే. అంటే సమానం. మధ్యలో పెట్టండి."

మూడు కార్డులూ కుప్పలో పడ్డాయి. ఆమె చేతులు ఖాళీ. అప్పుడు మా ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది, నన్ను ఔట్ చేసిన రోజు.

మహేశ్వర్ మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. తన కట్టలోంచి ఒక కార్డు తీసి ఆమెకు అందించబోయాడు. "ఇది పెట్టుకుని ఆడుప్పా."

"అట్లాంటి రూలు యాడుంది? నేను ఔట్," అంది ప్రసన్న.

తర్వాతి పట్టు మా ఇద్దరి మధ్యే జరిగింది. మహేశ్వర్ "ఎత్తు" అని పిలిచాడు. నేను గెలిచాను. కుప్పంతా నాకు వచ్చింది. పైనే ముసుగు పహిల్వాన్. నేను దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను.

"తీసుకో. నాకొద్దు."

"నిజం ఆట అని చెప్పుకున్నామా లేదా?"

కార్డు నా వైపు తోసి లోపలికి వెళ్లిపోయింది. కొంచెంసేపటికి వెక్కిళ్లు వినిపించాయి. జీవమ్మ టీచరుగారు వంటింట్లోంచి వచ్చి సంగతంతా అడిగి తెలుసుకున్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. లోపల కూతురితో అంటుంటే విన్నాం: "ఏడ్చేదుంటే ఏడువు. ఏడ్చినంత మాత్రాన రూలు తప్పని కాదు, నువ్వు తప్పని కాదు." తర్వాత మాకిద్దరికీ మరమరాల్లో ఉల్లిగడ్డ కలిపి పెట్టారు.

మరునాడు పొద్దున్నే ప్రసన్న మా ఇంటి ముందుకొచ్చి పిలిచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహంలో మాత్రం హుషారు.

"రూలులో బొక్క యాడుందో దొరికింది. రెండు ఒకట్లు ఎదురుపడితే సమానం అనకూడదు. పిలిచింది బరువు కదా? బరువే చూడాల. ఒకటో ర్యాంకు బలం మిగతా కార్డుల మీదనే. ఇంకో ఒకటి ముందర అది కూడా మామూలు కార్డే."

నేను పరుగున వెళ్లి రెండు కార్డులూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. బరువు ముసుగు పహిల్వాన్‌దే ఎక్కువ.

"అయితే నిన్న నువ్వే గెలిచినావు!"

"లేదు. నిన్న ఈ రూలు లేదు. ఇయ్యాల్టి నుంచి ఉంటాది."

ఎంత బతిమాలినా కార్డు తీసుకోలేదు. మహేశ్వర్ వచ్చి చెప్పినా వినలేదు. ఆ కొత్త రూలు సందులు దాటి పాకింది. సంతపేట పిల్లలు కూడా రెండు ఒకట్లు కలిస్తే "ప్రసన్న రూలు" అనేవాళ్లు. వాళ్లలో చాలామందికి ప్రసన్న ఎవరో కూడా తెలియదు.

మూడేళ్లకు జీవమ్మ టీచరుగారికి నంద్యాల దగ్గరి బండి ఆత్మకూరుకు బదిలీ అయింది. అప్పటికి మేం పదో తరగతిలోకి వచ్చాం. కార్డుల పిచ్చి తగ్గి క్రికెట్ పిచ్చి పట్టింది. ఎదురింటి వరండాలోకి వేరేవాళ్లు వచ్చి ఇనుప జాలీ బిగించుకున్నారు. ఆ జాలీ చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉండేది.

2008లో మోటార్ల వైండింగుకు రాగితీగ కొందామని నంద్యాల వెళ్లాను. కొని బస్టాండుకు వస్తూ, ఒక బడి మైదానంలో కబడ్డీ పోటీలు జరుగుతుంటే గోడ దగ్గర నిలబడ్డాను. రెండు జట్లవాళ్లూ మూగి అరుస్తుంటే మధ్యలో మెడలో ఈల వేసుకున్న ఒకామె తాపీగా వింటోంది. "తాకింది ముందా, గీత తొక్కింది ముందా? అదొక్కటే చెప్పండి," అంది. ఆ గొంతు వినగానే పోల్చుకున్నాను.

ప్రసన్న ఆ బడిలోనే పీఈటీ. విరామంలో నన్ను చూసి ముందు తెల్లబోయింది, తర్వాత గట్టిగా నవ్వింది. ఇద్దరం చెట్టు కింద టీ తాగాం.

"మహేశ్వర్ ఎట్లుండాడు?"

"వాళ్ల నాయన మాదిరే జీపు తోల్తాండాడు. అహోబిలం దారిలో ఎవురు చెయ్యెత్తినా ఆపుతాడు."

"టీచరమ్మ బాగుందా?" అని నేనడిగాను.

"రిటైరయింది. చర్చిలో పిల్లకాయలకు పాటలు నేర్పిస్తాంది."

ఇంతలో తర్వాతి ఆటకు పిలుపు వచ్చింది. గ్లాసు కింద పెట్టి లేచింది.

"బస్సుకు పోవాల్నా?"

"ఇంకోటి ఉంటాదిలే."

"అయితే ఊరికే ఎందుకు కూర్చుంటావు? స్కోరు రాసే పిల్లకు జ్వరం. ఆ బోర్డు కాడ నిలబడు."

రాగితీగ సంచి బోర్డు పక్కనున్న కుర్చీ కింద పెట్టి సుద్దముక్క అందుకున్నాను. మొదటి కూతలోనే పాయింటు అవతలి జట్టు కింద రాసేశాను. మైదానం మధ్యలోంచి ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అరచేత్తో తుడిచి, సరిగ్గా రాశాను.