గ్లాసు అంచున ఉప్పు

మా తమ్ముడు పదకొండేళ్ళు ఓడలో పనిచేశాడు. సరుకులు మోసే ఓడ కాదు, జనం సరదాగా ఊళ్ళు చూడ్డానికి ఎక్కే ఓడ. అందులో వాడిది బారు కౌంటరు. వాడి పక్కన నిలబడి పనిచేసినవాళ్ళలో మెక్సికో వాడొకడు, బ్రెజిల్ వాడొకడు, క్యూబా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవాళ్ళట. పుదీనాను నలిపితే చేదు దిగుతుందనీ, రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి చరిస్తే వాసన దానంతటదే లేస్తుందనీ నేర్పింది ఆవిడే. నిమ్మకాయ ముక్కలను తొక్కతోనే చక్కెరలో దంచి, పైన చెరకు మందు పోయడం బ్రెజిల్ వాడి దగ్గర నేర్చుకున్నాడు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ దేశాలు ఏ దిక్కున ఉన్నాయో నాకు తెలియదు. కానీ సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు చెప్పిన సంగతులు ఒక్కటీ మరచిపోలేదు.

నేను మద్రాసు పక్కన తిరువళ్ళూరులో, తిరుత్తణికి పోయే రోడ్డు మీద ఒక హోటల్లో వంటింటి పని చేస్తాను. చట్నీలు, పచ్చళ్ళు, పాకాలు నావి. హోటలు యజమానిది ఊత్తుకోట వైపు పల్లె. మా తెలుగువాళ్ళే, మామిడి తోటలున్న కుటుంబం. మేమంతా పెద్దాయన అంటాం. ఆయన ఈమధ్య మేడ మీద పెద్ద హాలు కట్టించి, మెత్తటి సోఫాలు వేయించి, బారుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆవడిలో, పట్టాభిరామ్‌లో పనిచేసి రైలు దిగేవాళ్ళు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పుట్టినరోజులు చేసుకునేవాళ్ళు, అందరూ మద్రాసు దాకా పోకుండా ఇక్కడే నాలుగు మాటలు చెప్పుకుంటూ కూర్చోవాలని ఆయన ఆశ.

సరిగ్గా అప్పుడే తమ్ముడు సెలవులో ఉన్నాడు. నేనే ధైర్యం చేసి పెద్దాయన్ని అడిగాను. ఆయన అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. మేడ తెరిచే ముందు మీవాడు చేసేవి నేను తాగి చూస్తాను, నచ్చితే కౌంటరు వాడికిస్తాను, లేకుంటే అందరిలాగే బీరు పెట్టెలు దించుకుంటాను అన్నాడు.

ఇంకో పక్క ఓడవాళ్ళు మళ్ళీ రమ్మని కబురు పెట్టారు. నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. మా మరదలు పట్టాభిరామ్ దగ్గర బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. మాట తక్కువ మనిషి. ఒకరోజు మా ఇంటికి వచ్చి, నేను మినుములు కడుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"వదినా, పోవద్దని నేను నోరు తెరిచి చెప్పను. చెప్తే ఉండిపోతాడు. పని లేక, దినమంతా గోడ చూస్తా కూర్చుంటాడు. పని దొరికి ఉండాల," అంది.

మినుములు మూడు నీళ్ళకు బదులు ఐదు నీళ్ళు కడిగాను.

ఆ వారం పది రోజులు మా వంటిల్లు వంటిల్లులా లేదు. చక్కెర పాకం బదులు బెల్లప్పాకం వాడదాం అని నేనంటే, మడ్డి రంగొస్తుందక్కా అని వాడు. తిరుత్తణి వైపు చెరకు బెల్లం లేతగా ఉంటుంది, నువ్వు ముందు చూసి మాట్లాడు అని నేను. కాచి, మూడు మడతల బట్టలో వడగట్టి ఇస్తే, గ్లాసు వెలుతురుకు పట్టుకుని చూసి తల ఊపాడు. ఐసు, నిమ్మరసం, పాకం అన్నీ స్టీలు గ్లాసులో పోసి, మూత బిగించి, భుజం మీద పెట్టుకుని ఆడించేవాడు. మజ్జిగ చిలికే చప్పుడుకూ దానికీ పెద్ద తేడా లేదు. దోసె మాస్టరు పెనం దగ్గర్నుంచి, వెన్న వచ్చిందా అన్నా అని వెక్కిరించేవాడు.

అన్నిటికన్నా వాడు నమ్ముకున్నది పచ్చిమామిడి మార్గరిటా. మెక్సికో వాడు నేర్పిన దానికి మన మామిడికాయ కలిపాడు. అందులో పోసేది టెకీలా అనే మందు. దానికో పద్ధతి ఉంది. గ్లాసు అంచు చుట్టూ నిమ్మబద్ద రుద్ది, ఉప్పూ కారం కలిపిన పళ్ళెంలో బోర్లించి తీస్తాడు. అంచంతా తెల్లగా, ఎర్రగా పట్టుకుంటుంది. లోపల మాత్రం చిటికెడు ఉప్పు కూడా వేయడు. తాగినప్పుడు ముందు పెదవికి ఉప్పూ కారం తగలాలి, వెనకాలే పులుపూ తీపీ రావాలి, రెండూ నోట్లో కలవాలి, అదీ లెక్క. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది.

సోమవారం నాడు మందు పోయకుండా ఒక గ్లాసు చేసి నా చేతికిచ్చి, వాడు ఐసు తెచ్చుకోవడానికి అటు తిరిగాడు. నేను మా ఇంట్లో అందరూ తాగినట్టే తల వెనక్కి వంచి, గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నాను. మా ఇళ్ళలో గ్లాసుకు మూతి తగలనివ్వరు. తగిలితే ఎంగిలి. చిన్నప్పుడు చెంబు మూతికి ఆనించి నీళ్ళు తాగానని మా నాయనమ్మ ఆ చెంబును చింతపండుతో మూడుసార్లు నా చేతనే తోమించింది. మజ్జిగైనా, కాఫీ అయినా అంతే. కాఫీ ఎత్తి పోసుకోవడం అలవాటు లేనివాళ్ళకు ముక్కులోకి పోతుంది, మాకు పోదు.

నాకు అది తియ్యగా, పుల్లగా, చప్పగా అనిపించింది. అంచున ఉన్న ఉప్పు, కలశానికి పసుపు పూసినట్టు అలంకారం కాబోలు అనుకున్నాను. ఆ దేశాలవాళ్ళు చప్పిడి తింటారేమో, మనకేం తెలుసు.

వాడు తిరిగి వచ్చి, "ఎట్లుండాదక్కా?" అన్నాడు.

వాడి ముఖం చూశాను. ఐదో క్లాసు పరీక్ష కాగితం తెచ్చి నా చేతికిచ్చినప్పుడు కూడా అలాంటి ముఖమే పెట్టాడు. "బాగుండాది రా," అన్నాను.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

పెద్దాయన మంగళవారం, శుక్రవారం, తిరుత్తణి స్వామికి మొక్కే కృత్తిక రోజుల్లో మందు ముట్టడు. అందుకని బుధవారం సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నారు. ఆయనతో పాటు ఇద్దరు బావమరుదులు వచ్చారు. వాళ్ళ మాటకు ఆయన దగ్గర విలువ ఉంది. నేను కాయలు కోసే చాకు కూడా కింద పెట్టకుండా, చేతిలో మామిడికాయతో మెట్ల దగ్గర నిలబడ్డాను.

మొదట పుదీనాది ఇచ్చాడు. పెద్దాయన ఎత్తి పోసుకుని, పుదీనా చట్నీ తాగినట్టుందే అని నవ్వాడు. రెండోది నిమ్మకాయ, బెల్లప్పాకం. అది ముగ్గురికీ నచ్చింది. పానకం మాదిరి ఉందని చిన్న బావమరిది ఇంకొంచెం అడిగాడు కూడా. నా గుండె కుదుటపడింది. మూడోది మార్గరిటా. తమ్ముడు ఒక్కో గ్లాసూ రెండు చేతులతో తెచ్చి పెట్టాడు. ముగ్గురూ తలలు వెనక్కి వంచారు. ముగ్గురూ ఎత్తి పోసుకున్నారు. పెద్దాయన మీసం మీద ఐసు ముక్క పడింది.

ఆయన మీసం తుడుచుకుని, గ్లాసు కింద పెట్టాడు. "చప్పగా ఉండాదప్పా. పదకొండేండ్లు నేర్చుకుంది ఇదేనా?"

పెద్ద బావమరిది సోఫాలో వెనక్కి వాలి, బీరు పెట్టెలు దించుకుంటే పోలేదా బావా, ఈ కుస్తీ అంతా దేనికి అన్నాడు.

తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి ఆగిపోవడం నాకు కనిపించింది. చెప్పడేం, నోట్లో మాట లేదా అని నాకు కోపమొచ్చింది. అప్పుడు బల్ల మీద గ్లాసుల వైపు చూశాను. మూడు ఖాళీ గ్లాసులు. మూడింటికీ అంచున ఉప్పూ కారం వాడు అద్దింది అద్దినట్టే ఉంది. ధార దిగిన చోట తప్ప ఒక్క పలుకు రాలలేదు.

చప్పగా ఉన్నదని సోమవారమే నా నాలుకకు తెలుసు. నేను చెప్పి ఉంటే వాడు నన్ను ఎలా తాగావక్కా అని అడిగేవాడు. అప్పుడే తేలిపోయేది.

పెద్దాయన్ని మూతి పెట్టి తాగమని చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. తన ఇంట్లో తన సొంత వెండి గ్లాసుకే ఆయన మూతి ఆనించడు. చేతిలో మామిడికాయ ఉంది. కౌంటరు దగ్గరికి పోయి, దాన్ని పలచటి బద్దలుగా కోసి, తమ్ముడి ఉప్పూ కారం పళ్ళెంలోనే రెండు వైపులా అద్ది, పైన నిమ్మకాయ పిండి, ముగ్గురి ముందూ పెట్టాను. తమ్ముడు నా వైపు గుడ్లురిమి చూశాడు. చూడనీ అనుకున్నాను.

"పెద్దాయనా, దీని ఉప్పంతా గ్లాసు అంచుకే ఉండిపోయింది. మా వోడు మూతి పెట్టి తాగేవాళ్ళకు చేసి చేసి మనల్ని మరిచిపోయినాడు. మనం మూతి పెట్టం గదా. ఈ బద్ద కొరికి, దాని మీద పోసుకోండి."

పెద్దాయన ఖాళీ గ్లాసు తీసుకుని, అంచు మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు. వేలు చూసుకున్నాడు. ఇంకోటి కలపమన్నట్టు తమ్ముడికి సైగ చేశాడు. తమ్ముడు ఈసారి ఐసు వడగట్టి తెచ్చాడు. పెద్దాయన బద్ద కొరికి, నమిలి, ఎత్తి పోసుకుని, కళ్ళు మూసుకున్నాడు. నేను మిగిలిన సగం కాయ కూడా బద్దలు కోశాను.

"ఇంకో బద్ద ఉందామ్మా?" అన్నాడు.

చిన్న బావమరిది అప్పటికే తన పళ్ళెం ఖాళీ చేసి అన్నగారి పళ్ళెం వైపు చూస్తున్నాడు.

పెద్దాయన తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, ఇందాక ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాడు. తాగేవాళ్ళకు తాగడం నేర్పకూడదని ఓడలో మాకు చెప్పారు సార్ అన్నాడు వాడు.

"నాకు నేర్పొద్దులే. నా మాదిరోళ్ళు సగం మంది వస్తారు ఈడికి. వాళ్ళకేం చేస్తావో చెప్పు."

తమ్ముడు ఒక బద్ద చేతిలోకి తీసుకున్నాడు. "మూతి పెట్టేవాళ్ళకు అంచున పెడతా సార్. ఎత్తి పోసుకునేవాళ్ళకు బద్దకు పెడతా. ఐసు వడగట్టేస్తా."

"మీసం మీద పడకుంటే చాలు," అని పెద్దాయన లేచాడు. "మామిడికాయ బయట కొనొద్దు. మన తోటది పంపిస్తా, సీజను ఉన్నన్నాళ్ళు." ఆయన సరే అన్న మాట విడిగా అనలేదు. అదే సరే. పెద్ద బావమరిది బీరు సంగతి మళ్ళీ ఎత్తితే, అదీ దించుకుందాం, ఎవరొద్దన్నారు అంటూ మెట్లు దిగిపోయాడు.

వాళ్ళు పోయాక తమ్ముడు సంతోషంగా ఎగురుతాడనుకున్నాను. వాడు గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"సోమవారం నువ్వు గూడా ఎత్తే పోసుకున్నావా?"

"ఊఁ."

"చప్పగా ఉండిందా?"

"ఉండింది."

"మళ్ళ బాగుండాదని ఎందుకు చెప్పినావు?"

"నీ మొగం చూసి చెప్పినా రా."

"ఆ ఒక్క మాటకు నేను మళ్ళా ఓడ ఎక్కేసుందునక్కా," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మరుసటి రోజంతా నాతో పనికి అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. వాడి మాటలో న్యాయం ఉంది. శుక్రవారం పొద్దున వాడు హోటలు వెనక జనరేటరు పక్కన నిలబడి మద్రాసులో ఓడ ఏజెంటుకు ఫోను చేశాడు. తమిళంలో రెండు ముక్కలు మాట్లాడాడు, లేదు సార్, రాలేను సార్ అని. ఫోను పెట్టేసి వచ్చి, బెల్లప్పాకం కాచావా అని నన్ను అడిగాడు. కాచాను అన్నాను. వేలితో నాకి చూసి, ముదిరిందక్కా అన్నాడు. ముదిరిందిలే, మళ్ళీ కాస్తాను అన్నాను.

మేడ తెరిచిన రెండో శనివారం మరదలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. హాలు నిండి ఉంది. ఒక మూల ఫ్యాక్టరీ పిల్లలు ఎవరికో పుట్టినరోజు కేకు కోస్తున్నారు. ఇంకో మూల తోటల ఆసాములు బద్ద కొరికి, తలలు వెనక్కి వంచుతున్నారు. మరదలు ఇన్నేళ్ళలో మొగుడు పని చేస్తుంటే ఒక్కసారీ చూడలేదు. చూసే వీలెక్కడిది, సముద్రంలో. కౌంటరు ముందు ఎత్తు కుర్చీ ఎక్కలేక ఎక్కి కూర్చుంది. వాడు ఆమెను చూసి తడబడలేదు. అందరికీ పెట్టినట్టే చిన్న గుడ్డ పరిచి, ఏమి తీసుకుంటారు మేడమ్ అన్నాడు. మా మేనకోడలు నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వింది.

ఇద్దరికీ మందు లేని మామిడికాయది చేసిచ్చాడు. అంచున ఉప్పు పెట్టాడు, పక్కన బద్ద కూడా పెట్టాడు. మరదలు కాసేపు గ్లాసును అటూ ఇటూ తిప్పి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని చూసి, మూతి పెట్టింది.

వాడు అటు తిరిగి ఇంకొకరితో మాట్లాడుతున్నాడు. చేతులు ఆడిస్తూ, ఓడలో తుఫాను వచ్చినప్పుడు సీసాలన్నీ ఎలా దొర్లాయో చెబుతున్నాడు. విన్నవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. మరదలు గ్లాసు కింద పెట్టి ఆ మాటలే వింటోంది. పదకొండేళ్ళలో వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా చుట్టంలా ఒక మూల కూర్చుని, పెట్టింది తిని, రోజులు లెక్కపెట్టుకుని పోయేవాడు.

"ఏం వదినా, ఈయన ఇంత మాట్లాడ్తాడా?" అంది నాతో.

"మాట్లాడ్తాడు మే. నీకు తెలీదా?"

"నాకెట్ల తెలుస్తుంది." పెదవి మీది ఉప్పు కొంగుతో తుడుచుకుని, వాడికి వినబడేంత గట్టిగా అంది. "ఇంటికాడ గూడా మాట్లాడమను. ఇంగ యాడికీ పోడు గదా, నిదానంగానే చెప్పమను."