కరెంటు పని నేర్చుకుంటానన్నాను

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లోని మా అపార్ట్‌మెంట్‌లో ఒకరోజు సగం ఇంటికి కరెంటు పోయింది. బాగుచేయడానికి వచ్చింది ఒక అమ్మాయి. ఆమె బ్రేకర్ల పెట్టె విప్పి పని చేస్తుంటే నేను పక్కనే నిలబడి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. నేను చదివిందీ ఎలక్ట్రికల్ ఇంజినీరింగే. బ్యాచ్‌లో అందరిలా దాన్ని అటకెక్కించి సాఫ్ట్‌వేర్‌లోకి పోయేలోపే పెళ్లయింది, మా ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. "అప్రెంటిస్‌గా చేరు. కొంత క్లాసు, మిగతాదంతా పనే. క్లాసు ఖర్చు చాలావరకు ప్రభుత్వమే భరిస్తుంది" అని చెప్పి వెళ్లిందా అమ్మాయి.

ఆ వారం మనవాళ్లంతా తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఈ సంగతి చెప్పగానే పులిహోర వడ్డిస్తున్న ఆంటీ చేతిలో గరిట ఆగిపోయింది.

"అదేం పనమ్మా? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోరాదూ? మా కోడలు ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో నేర్చుకుంది."

వాళ్ల వంటింట్లో లైటు పాడైతే ఎలక్ట్రీషియన్ దొరక్క ఆవిడ ఎన్నాళ్లు చీకట్లో వండిందో నాకు తెలుసు. ఒళ్లు మండినా పులిహోర బాగుండడంతో ఊరుకున్నాను.

కమ్యూనిటీ కాలేజీకి వెళ్తే అక్కడి కౌన్సిలర్ మొదట అడిగింది వర్క్ పర్మిట్ గురించే. నా దగ్గర లేదన్నాను. "క్లాసులో కూర్చోవడానికి మీ వీసా చాలు. కానీ అప్రెంటిస్ అంటే ఉద్యోగి. పని చేసే అనుమతి లేనివాళ్లకి ఆ సీటూ ఇవ్వలేం, ఆ ఫీజు సాయమూ ఇవ్వలేం" అంది.

అంతటితో ఊరుకునే రకం కాదు నేను. ఒక చిన్న ఎలక్ట్రికల్ కంపెనీ యజమాని దగ్గరికెళ్లి, జీతం అక్కర్లేదు, ఊరికే వచ్చి నేర్చుకుంటానన్నాను. మా వైపు పని నేర్చుకునే పద్ధతే అది. మేస్త్రీ వెనకాల తిరగాలి, అడిగింది అందించాలి, చేయి తిరిగాకే జీతం మాటెత్తాలి. ఆ పెద్దమనిషి కంగారుపడిపోయాడు. "ఊరికే చేసినా పని పనే. నాకూ ఇబ్బంది, మీ వీసాకి ఇంకా ఇబ్బంది" అంటూ తలుపుదాకా వచ్చి మర్యాదగా సాగనంపాడు. ఏదో గొప్ప త్యాగం చేస్తున్నాననుకుని వెళ్లినదాన్ని, కార్లో కూర్చుని ఏడ్చాను.

వాకబు చేస్తే తేలిందేమిటంటే, నా పర్మిట్ మా ఆయన ఉద్యోగానికి ముడిపడి ఉంది. గ్రీన్ కార్డ్ చేతికి రావడానికి ఏళ్లు పట్టినా, దానికోసం వాళ్ల కంపెనీ వేసిన ఫైలు అప్రూవ్ అయితేనే నేను పర్మిట్‌కి అప్లై చేయగలను. సరిగ్గా అప్పుడే ఆయనకి ఇంకోచోట ఆఫర్ వచ్చింది. మేనేజర్‌తో పడక రోజూ సణుక్కుంటూ ఇల్లు చేరే మనిషికి అది దొరక్క దొరికిన అవకాశం. కానీ మారితే ఫైలు మళ్లీ మొదటికి వస్తుంది.

"ఈ కొత్త కంపెనీవాళ్లు కూడా ఫైల్ చేస్తారు. వన్ ఇయర్ అయ్యాక స్టార్ట్ చేస్తామన్నారు" అన్నాడు.

"స్టార్ట్ చేసేదే అప్పుడు. అయ్యేదెప్పుడు?"

"నీకర్థం కావట్లేదు. ఆ మేనేజర్‌తో నేను వేగలేకపోతున్నా."

"అర్థమైంది, రోజూ వింటున్నా కదా. నీకు నచ్చకపోయినా ఓ జాబ్ ఉంది. నాకు నచ్చింది చేయడానికి పర్మిషనే లేదు. అప్రూవలొచ్చి ఆర్నెల్లయ్యేదాకా ఉండు, అప్పుడిక నువ్వు మారినా ఆ అప్రూవల్‌ని వీళ్లు రద్దు చేయించలేరు. ఆ తర్వాత నువ్వెక్కడికెళ్లినా నేనడ్డం రాను."

కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. ఒక సాయంత్రం పప్పన్నం కలుపుకుంటూ, ఆఫర్ వద్దని చెప్పేశానన్నాడు. మొహంలో సంతోషం లేదు. నాకు జాలేసింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ ఎదురుచూపులో కాలేజీలో మా సొంత ఖర్చుతో క్లాసుల్లో చేరాను. ఇంజినీరింగ్‌లో ఫార్ములాలన్నీ వచ్చు గానీ వైర్లు పోయే ఇనప పైపుని కొలతకి సరిగ్గా వంచడం రాలేదు. వేళ్లు బొబ్బలెక్కాక వచ్చింది. ఫైలు అప్రూవ్ అయింది. తర్వాత రెండు మూడు నెలలకు పర్మిట్ కార్డు కూడా వచ్చింది.

అప్రెంటిస్ ఇంటర్వ్యూలో వాళ్లు అడగకముందే నేనే చెప్పాను. శిక్షణ పూర్తయ్యేలోపే ఈ కార్డు గడువు అయిపోతుంది. మళ్లీ ఇస్తే కొనసాగుతాను, ఇవ్వకపోతే మధ్యలో ఆపాల్సిందే. ఇది దాచిపెట్టి చేరడం నాకిష్టం లేదు.

"మరి అన్నీ తెలిసి ఎందుకు చేరడం?" అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన.

"కార్డు పోతే పోవచ్చు. అప్పటిదాకా నేర్చుకున్న పని నా చేతుల్లోనే ఉంటుంది కదా" అన్నాను. చూపు దించలేదు.

ఆయన సోమవారం తెల్లవారకముందే సైట్ దగ్గర ఉండాలన్నాడు.

బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను. మేనేజర్‌తో మీటింగ్‌లో ఉండి కూడా ఎత్తాడు. సీటు వచ్చిందని చెప్పాను. మీటింగ్ రూమ్‌లోంచి బయటికి నడిచిన చప్పుడు వినిపించింది.

"ఇంకెన్నాళ్లు ఉండాలి నేనిక్కడ?" అన్నాడు మెల్లగా.

అబద్ధం చెప్పి ఊరడించాలనిపించింది, కానీ చెప్పలేదు. "ఆర్నెల్లు నిండడానికి ఇంకా టైముంది. ఉండాలి" అన్నాను.

"సరే. సోమవారం నేనే డ్రాప్ చేస్తాలే" అన్నాడు.