కొలతపుల్లలతో ఓరుగల్లుకు

మొన్న పొద్దున ఊరి నుంచి మా చిన్నకొడుకు ఫోన్ చేశాడు. "అమ్మా, పెద్దమ్మ పోయింది. రాత్రి బువ్వ మంచిగనే తిన్నది, పొద్దున ఎంత లేపినా లేవలే" అన్నాడు. నేను సరే అన్నాను. మహబూబాబాద్ స్టేషన్‌కు ఆటోలో వెళ్లేదాకా కళ్లు పొడిగానే ఉన్నాయి. టికెట్ కిటికీలో చెయ్యి పెట్టి "జనగామ ఒకటి" అన్నాక మాత్రం చిల్లర తీసుకోవడం మరిచి అక్కడే నిలబడ్డాను. నాకు రైలెక్కడం నేర్పింది ఆమే.

పెద్దమ్మ నా పిల్లలకు. నాకు యారాలు, అంటే మా ఆయన అన్న భార్య. నేను అక్కా అనే పిలిచేదాన్ని. సొంత అక్క ఉన్నా ఇంత పోట్లాడేదాన్ని కాదు, ఇంత వెంట తిరిగేదాన్నీ కాదు. ఆమెకు డెబ్బై ఆరో, డెబ్బై ఎనిమిదో, ఆమెకే లెక్క తెలియదు. పోయేముందు వారం కూడా జనగామ బస్సెక్కి, బజారంతా తిరిగి, ఒక్క దువ్వెన కొనుక్కుని వచ్చిందట. "కొనేది ఒకటే, చూసేటియి వంద" అనేది ఎప్పుడూ. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా మహబూబాబాద్‌లో బట్టల కొట్లన్నీ ఎక్కి దిగేది. తానులన్నీ విప్పించి, బుగ్గకు ఆనించి చూసి, "మంచిగుంది బిడ్డా, మడతపెట్టు" అని లేచేది. నాకు సిగ్గుతో తల తిరిగేది. కొట్టువాళ్లు మాత్రం మళ్లీ వచ్చినప్పుడు ఆమెకే కుర్చీ వేసేవాళ్లు.

నేను పదిహేనేళ్లకు ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. జనగామకు రెండు కోసుల దూరంలో ఊరు. అక్క పుట్టిల్లు తరిగొప్పుల. నాకంటే ఆరేళ్లు పెద్ద. అప్పుడు దొరల మీద, రజాకార్ల మీద పోరాటం నడుస్తోంది. అక్క భర్త, మా బావ, సంఘంలో ఉండేవాడు. నేను కాపురానికి వచ్చిన మూడు నెలలకు ఊరు విడిచి ఘనపూరు అవతలి అడవుల్లోకి వెళ్లాడు. ఆయన గురించి నాకు గుర్తున్నది తక్కువ. పెద్ద పాదాలు గుర్తున్నాయి. అచ్చం మా మామ పాదాలే. వాన వెలిశాక వాకిట్లో పడిన అడుగులు తండ్రివా కొడుకువా అని అక్కా నేనూ పందెం వేసుకునేవాళ్లం. ఇద్దరమూ తేల్చలేకపోయేవాళ్లం.

తర్వాత రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. పోరాటం ఆగలేదు, బావ రాలేదు. ఊరి మొదట్లో క్యాంపు పెట్టారు. మగవాళ్లు పట్నం వైపు పోతే ఆపి, అడవిలో ఎవరున్నారని అడిగేవాళ్లు. ఒకసారి లోపలికి పిలిస్తే ఎప్పుడు వదులుతారో తెలియదు. చెప్పులు కుట్టేవాళ్ల మీద కూడా కన్నుండేది. అడవిలో నడిచేవాళ్లకు చెప్పులు కావాలి కదా. దాంతో ఊరికి కావలసిన సామానంతా తేవడం ఆడవాళ్ల మీద పడింది. ఊళ్లో రైలెక్కి ఓరుగల్లు వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి రాగల ఆడమనిషి మా అక్క ఒక్కతే.

ఆమెకు అక్షరం ముక్క రాదు. ప్రయాణానికి ముందురోజు ఊరి ఆడవాళ్లు మా అరుగు మీదికి చేరేవాళ్లు. చెప్పులు కావలసినవాళ్ల పాదాన్ని ఇంట్లోనే నేల మీద పెట్టించి, చీపురుపుల్ల ఆనించి, మడమ నుంచి వేలి కొస దాకా విరిచి తెచ్చేవాళ్లు. ఆ పుల్లకు ఆ ఇంటి చీరపేలిక ఒకటి కట్టేది అక్క. ఆకుపచ్చ పేలిక కుమ్మరోళ్లది, నల్లంచుది దర్జీ సాయిబు ఇంటిది. గాజులకైతే దారం కొలత. అన్నీ కలిపి కట్టి బుట్టలో వేసుకుంటే, ఊరు ఊరంతా కాళ్లూ చేతులూ ఇచ్చి ఆమెతో పంపించినట్టు ఉండేది.

మొదటిసారి నన్ను తీసుకుపోయిన రోజు ఇప్పటికీ కలలా ఉంటుంది. పొగమంచులో చెరుకు తోటల పక్క నుంచి నడిచాం. మా ముందు దారి కనబడేది కాదు, అక్క వెండి కడియాల చప్పుడు వినబడేది, దాని వెంట నడిచాను. జనగామలో రైలు రాగానే నేను వెనక్కి ఉరికాను. ఆమె నా కొంగు పట్టుకుని, "అది మనల్ని తీసుకపోనీకి వచ్చింది, తిననీకి కాదు" అంది. కిటికీలోంచి కాజీపేట గుట్టలు, తాటిచెట్లు, నీళ్లు తాగే బర్రెలు, అన్నీ వెనక్కి పోతుంటే, పోయేది అవే, మనం కూర్చున్న చోటే ఉన్నామని నమ్మాను. ఆమె కూడా చాలా ఏళ్లు అలాగే నమ్మిందట.

ఓరుగల్లు చూసి కొంచెం చిన్నబుచ్చుకున్నానని చెప్పాలి. ఎందుకంటే అంతకుముందే అక్క చెప్పిన ఓరుగల్లును నేను చూసి ఉన్నాను. ఆమె చెప్పిన దాంట్లో వీధి పొడుగునా అత్తరు వాసన, పట్టుదారాల కొట్టులో పగలే ఇంద్రధనుస్సు, సోడా కొట్టినప్పుడల్లా ఎగిరే పావురాలు ఉండేవి. నిజం బజారులో ఎండ, ఈగలు, జట్కాల తొక్కిడి. "పావురాలేవి?" అని అడిగితే, "జర నిలబడు, వస్తయి" అంది. సోడా కొట్టు ముందు నిలబడ్డాం. ఏ పావురమూ రాలేదు కానీ, అంతసేపు నిలబడినందుకో ఏమో, సాయంత్రానికి నాకూ అత్తరు వాసన తగిలింది. ఊరికి వచ్చాక అరుగు మీద ఆడవాళ్లకు నేనే పావురాల సంగతి చెప్పాను. అక్క నా వంక చూసి నవ్వింది.

బావ వెళ్లి ఏడాదిన్నర దాటినా కబురు లేదు. ఉన్నాడో లేడో అని ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అలాంటప్పుడు ఒకరోజు చింతపండు అమ్మే అవ్వ మా గడపలో గంప దించి, అడుగు నుంచి ఒక పుల్ల తీసి అక్క చేతిలో పెట్టింది. దానికి పేలిక లేదు. "నీ పెనిమిటిది బిడ్డా. చెప్పులు కావాల్నట" అంది. నేను సంతోషం పట్టలేక అక్కను చుట్టుకున్నాను. అక్క ఆ పుల్లను రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గంపలోని చింతపండు అంతా కొంది. అంత చింతపండు ఎందుకని మామ కూడా అడగలేదు. కొడుకు బతికే ఉన్నాడని ఆయన ముఖం ఆ రోజు వెలిగిపోయింది.

ఓరుగల్లులో చెప్పుల కొట్టు పెద్దాయన పుల్లలన్నీ వరుసగా పేర్చి, ఒక్కో చెప్పులో పెట్టి చూసి ఇచ్చాడు. ఎనిమిది జతలు. ఏడింటికి పేలికలు కట్టాం. తిరిగి వచ్చేటప్పుడు క్యాంపు దగ్గర జవాను బుట్ట దింపమన్నాడు. ఒక్కో జతా తీసి, ఎవరిదని అడిగాడు. అక్క పేలికలు చూపించి ఇళ్లు చెబుతూ వచ్చింది. ఎనిమిదో జత పట్టుకుని అతను ఆగాడు. పొలం నుంచి వస్తున్న మామ అప్పుడే అక్కడికి చేరాడు. సంగతి చూశాడు. "నాదే సాబ్" అన్నాడు.

మామ పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడిగిన మనిషి కాదు. జవాను వేసుకొమ్మన్నాడు. ఆయన వేసుకున్నాడు. మడమలు రెండూ వెనక్కి వచ్చి, బొటనవేలంత బయటికి ఉన్నాయి. నడవమంటే నడిచాడు. చౌకీ ముందు అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు. జవాను నవ్వి, చిన్నవి తెచ్చారేం అన్నాడు. "తోలు సాగుతది సాబ్" అన్నాడు మామ. పొమ్మన్నారు. ఎవరైనా చూస్తారని ఇంటిదాకా ఆ చెప్పులతోనే నడిచాడు. నేనూ అక్కా వెనక నడిచాం. మా ముందు ఆ మడమలు, దుమ్ములో ఆనుతూ.

చూసింది ముగ్గురమూ ఒకటే. ఆ చెప్పులు బావవి కావు. ఇంటికొచ్చాక మామ చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, గోడకు ఆనించి, నీళ్లు కూడా ముట్టకుండా పడుకున్నాడు. ఆ సాయంత్రం ఆడవాళ్లు వచ్చినప్పుడు అక్క ఎప్పటికంటే ఎక్కువసేపు ఓరుగల్లు సంగతులు చెప్పింది. గాజుల కొట్టు అద్దాల్లో మొత్తం ఆకాశం కనబడిందని చెప్పింది. పావురాల్ని కూడా మళ్లీ ఎగరేసింది. వింటున్న వాళ్లంతా నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు, నేను ఒక్కదాన్నే లోపలికి పోయి ఏడ్చాను.

రెండోరోజు అవ్వ వచ్చి చెప్పుల్ని చింతపండు కింద పెట్టుకుని పోయింది. కొన్నాళ్లకు మళ్లీ పేలిక లేని పుల్ల వచ్చింది, అదే పొడుగుది. నాకు కోపం వచ్చింది. "ఎవనిదో ఏమో, ఎందుకు కొంటవక్కా? పట్టుపడితే ఇల్లంతా ఆగమైతది" అన్నాను. ఆమె బుట్ట సర్దుకుంటూనే, "నాకు మొదటి పుల్లకే ఎరుకైంది. ఎవలదైనా నడిచే కాలే గదనే. ఆయన పేరు చెప్పి అడిగిండు, లేదని ఎట్లంట?" అంది. అలా నాలుగు జతలు తెచ్చింది.

పోరాటం ఆపేశారని కబురు వచ్చింది. జైళ్లలోంచి, అడవుల్లోంచి మనుషులు ఒక్కొక్కరే ఇళ్లకు చేరుతున్నారు. ఒక మధ్యాహ్నం ఇరవై ఏళ్లవాడు మా గడప ముందు నిలబడ్డాడు. చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. అరిగిపోయినా అవి నేను గుర్తుపట్టాను. తనది మహబూబాబాద్ దగ్గర పల్లె అన్నాడు. బావ వెళ్లిన ఏడే, మొదటి వానల్లో, ఘనపూరు అవతల చలిజ్వరంతో పోయాడని చెప్పాడు. "పానం పోయే ముంగట అన్ననే చెప్పిండు వదినె, చెప్పులు కావాలంటే నా పేరు చెప్పి పుల్ల పంపు, ఆమె తెస్తది, నేను పోయిన సంగతి మాత్రం చెప్పకు అని. తప్పు చేసిన" అని తల వంచుకున్నాడు. మామ మంచం మీద నుంచి లేవకుండానే, "ముందు పిలగానికి బువ్వ పెట్టుండ్రి" అన్నాడు.

అక్క పెట్టింది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని, అడవి ఎట్లుంటదని అడిగింది. వాగులో నీళ్ల రంగు, పొద్దున ఏ పిట్టలు కూస్తయి, ఇప్పచెట్ల కింద పూలు రాలితే నడవ వస్తదా అని. అతను ఒక్కొక్కటే చెప్పాడు. మేం చెప్పే ఓరుగల్లును ఊరి ఆడవాళ్లు విన్నట్టే ఆమె విన్నది.

ఎల్లుండి చుట్టాలు వచ్చి అక్క గాజులు తీయాలని అనుకున్నారు. "రేపు పోయొస్త. అందరి పుల్లలు నా కాన్నే ఉన్నయి" అంది అక్క. మామ ఒప్పుకున్నాడు. తెల్లవారుతూనే అతనితో పాటు అక్కా నేనూ జనగామ నడిచాం. ముగ్గురికీ ఒకే రైలు. మేం ఓరుగల్లులో దిగాలి, అతను ఇంకా ముందుకు పోవాలి. రైలు వచ్చింది. అతను ఎక్కి, బుట్ట అందుకోవడానికి చేతులు చాచాడు. అక్క ఇవ్వలేదు. ఆమె కదలకపోతే నేనూ ఎక్కలేదు. "వదినె, ఎక్కుండ్రి" అని పిలుస్తూనే ఉన్నాడు. రైలు కదిలింది. మలుపు దాకా అతని చేతులు అలా చాచే ఉన్నాయి.

మొగుడి పేరు పెళ్లాం నోట రాని కాలం అది. పిలవాల్సి వస్తే ఆయన అనో, ఇంటాయన అనో అనాలి. నేను ఆ ఇంటికి వచ్చాక ఒక్కసారి కూడా అక్క నోట బావ పేరు వినలేదు. ఆ రోజు, ఖాళీ అయిన ప్లాట్‌ఫారం మీద, ఊరి పుల్లలన్నీ ఉన్న బుట్టను కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి, పక్కనున్న నాకు మాత్రమే వినబడేంత మెల్లగా, ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. కొంచెం ఆగింది, బదులు వస్తుందేమో అన్నట్టు. మళ్లీ పిలిచింది.