వదిన నిద్రపోయిన మధ్యాహ్నం

మా అన్నావదినలది ఆత్మకూరు. బస్టాండు పక్కన చిన్న టిఫిన్ హోటలుంది వాళ్లకు. పెళ్లయి వచ్చిన ఏడాదే వదిన ఆ పొయ్యి ముందు నిలబడింది. తొలి బస్సు కదిలే వేళకు ఇడ్లీలు దిగాలి కాబట్టి, ఊరు లేవక ముందే లేవడం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పుడు హోటలు కొడుకు చూసుకుంటున్నాడు. అయినా ఆ వేళకే మెలకువ వస్తుందట. లేచి, ఏం చేయాలో తోచక వసారాలో కూర్చుంటుందట. పగలు ఆమె కునుకు తీయగా నేనెప్పుడూ చూడలేదు.

నేను ఉదయగిరిలో ఉంటాను. నా కూతురు విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరి ఇల్లు అద్దెకు తీసుకుంటే, సామాను సర్దడానికి వదినను తోడు తీసుకుని రైలెక్కాను. పని అయిపోయిన మర్నాడు నా కూతురు మమ్మల్ని భీమిలి దారిలో, సముద్రం మీదికి ఒరిగినట్టున్న ఒక కొండకు తీసుకువెళ్లింది. కొండ అంచున కాఫీ హోటలు. తను ఆఫీసుకు పోవాలి.

"సాయంత్రం వచ్చి తీసుకుపోతా అత్తా. అందాకా సముద్రం చూస్తా కూర్చోండి" అని వదినకు చెప్పి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

సముద్రం మేం చూడనిది కాదు. మైపాడులో కాళ్లు తడుపుకున్నవాళ్లమే. కానీ మా వైపు తీరమంతా చదును. పైనుంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

ఆ రోజు ముసురు పట్టింది. రేకుల కప్పు కింద వెదురు కుర్చీల్లో కూర్చుంటే ఎదురుగా అంతా తెలుపే. సముద్రం చప్పుడు మాత్రం మా పాదాల కింద ఎక్కడి నుంచో వస్తోంది. కాసేపటికి ఆ చప్పుడు కొండ లోపలి నుంచే వస్తున్నట్టనిపించింది.

"యాడుండాది మే సముద్రం?" అంది వదిన.

"కిందుండాది వదినా. ముసురు పోతే కనపడతాదిలే."

హోటలాయన కాఫీ తెచ్చాడు. నెరిసిన మీసాల మనిషి. వదిన లేచి ఆయన చేతిలోని ట్రే అందుకోబోయింది.

"కూర్చోండమ్మా, నేనిస్తాను కదా" అన్నాడాయన నవ్వుతూ.

ఆమె సిగ్గుపడి కూర్చుంది. కప్పు రెండు చేతులా పట్టుకుని, గిరాకీ ఎట్టుంటుందని ఆయన్ను అడిగింది. ఆదివారమైతే కుర్చీ దొరకదని, ఇలాంటి వానలో ఎవరూ రారని చెప్పి ఆయన లోపలికి వెళ్లాడు.

"ఒకరు తెచ్చిస్తే తాగడం కొత్తగా ఉండాది మే" అని, వెనక్కి వాలింది. తెల్లటి తెర వైపు చూస్తూ చిన్నగా మాట్లాడసాగింది. "పెళ్లైన కొత్తలో ఉదయగిరిలో మీ ఇంటికొచ్చినాను చూడు. ఆ పొద్దు కూడా మీ దుర్గం కొండ మీద ఇట్నే మబ్బు దిగినాది. కొండ యాడికి పోయిందా అని నేను..."

మాట అక్కడే ఆగింది. తిరిగి చూస్తే నిద్రపోయింది.

చేతిలోని కప్పు మెల్లగా తీసి పక్కన పెట్టాను. హోటలాయన వచ్చి చూశాడు. లేపమంటాడేమో అనుకున్నాను. "పడుకోనీయండమ్మా, ఏటయింది" అని, లోపల మోగుతున్న పాట ఆపేశాడు. ఒక దుప్పటి తెచ్చి నా చేతికిచ్చాడు. కప్పాను. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. పిట్ట మెడలా గొంతు కదులుతోంది. ఎప్పుడూ ఆవిరిలోనే చూసిన ముఖం అది. ఇంత నింపాదిగా చూడటం నాకదే మొదలు.

ఎంతసేపయిందో తెలియదు. ఉన్నట్టుండి ఎదురుగా తెల్లదనం చిరిగింది. ముందు కింద నల్లటి రాళ్లు, వాటి చుట్టూ నురగ, తర్వాత ఆకుపచ్చగా, ఇంకా అవతల బూడిద రంగులో, కదులుతున్నదో లేదో తెలియని నీళ్లు. ఒక పడవ గాల్లో వేలాడుతున్నట్టు నిలబడింది. ఒళ్లు తేలికైంది. వదినా అని పిలవబోయి ఆమె వైపు చూశాను. పిలవలేకపోయాను. అంతలో ముసురు మళ్లీ మూసుకుంది.

ఆమె లేచేసరికి వెలుతురు మారిపోయింది.

"పొద్దు యాడికి పోయిందే?" అని ముఖం తుడుచుకుంది. "సముద్రం కనపడిందా?"

"కాసేపు కనపడింది."

"ఎందుకు లేపలా?"

"లేపబుద్ధి కాలా వదినా."

ఆమె కోపపడలేదు. "సరే, ఎట్టుండాదో చెప్పు" అని మళ్లీ కళ్లు మూసుకుంది. రాళ్ల గురించి, నురగ గురించి, పడవ గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. పడవలో మనుషులున్నారా అని అడిగింది. ఉన్నారేమో, అంత దూరం కంటికి ఆనలేదన్నాను.

నా కూతురు తడుస్తూ వచ్చి మా మధ్య కుర్చీ లాక్కుంది. "ఎట్టుందత్తా సముద్రం?"

"బాగుండాది" అంది వదిన నా వైపు చూడకుండా. "చానా లోతుండాది."

ఇంటికి పోదామని నా కూతురు లేవబోతే, వదిన దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. హోటలాయనను పిలిచి ముగ్గురికీ కాఫీ చెప్పింది. ఈసారి ఆయన ట్రే తెచ్చినప్పుడు లేవలేదు.