నాయన ఎత్తుకొచ్చిన నూనె డబ్బా

ఇప్పటికీ యాడన్నా పచ్చి చెనక్కాయ నూనె, అదే వేరుశనగ నూనె, వాసన తగిలితే చాలు, నేను తిరిగి ఆ ఎలుకల గదిలో నిలబడిపోతాను. తొంభైల చివర్లో అనంతపురంలో పరిశోధన చేస్తాంటిని. తినే నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఒంట్లోకి పోయినాక ఏమైతాయో చూసేది నా పని. ఎలుకలకు నూనె కలిపిన మేత పెట్టి, వాటి రక్తం పరీక్ష చేసేదాన్ని. అది విని మా నాయన పడీపడీ నవ్వినాడు. చేన్లో ఎలుకల్ని తరమలేక తాను చస్తాంటే, కూతురు వాటిని కూచోబెట్టి మేపుతాండాదంట.

మాది నల్లమాడ పక్కన పల్లె. చెనక్కాయ తప్ప ఇంకో పంట ఎరగం. ఆ ఏడు నాయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. కదిరిలో డాక్టరు చెనక్కాయ నూనె మానేయమన్నాడు. నొప్పి కంటే ఆ మాటే ఆయన్ను కుంగదీసింది. ఊరందరి ముందర కన్నబిడ్డను దొంగ అన్నట్లు ముఖం వేలాడేసుకున్నాడు.

"మన నూనె మంచిదో చెడ్డదో నువ్వే తేల్చు పాపా. ఇంకెవరు చెప్పినా నేను నమ్మను" అన్నాడు నాతో.

నాకు కావాల్సిందీ అదే, మా పల్లె ఇండ్లల్లో వాడే నూనె. మనం తినే గింజలే గానుగాడించి పంపు నాయనా అని చెప్పొచ్చినాను. పంపడం కాదు, తానే డబ్బా భుజాన పెట్టుకొని బస్సు దిగినాడు. ఎలుకల్ని చూడందే పోనన్నాడు. బోన్ల ముందర నిలబడి, కడుపునిండా తినండప్పా అని వాటికి మర్యాద కూడా చేసినాడు. నా స్నేహితురాండ్ల ముందర నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. ఆ సిగ్గు ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తాది.

ఫలితాలు చూసి గంతులేసినాను. గుండెకు మేలు చేసే ఓలిక్ ఆమ్లం ఆ నూనెలో దండిగా ఉండాది. ఎలుకల రక్తమూ బాగుండాది. మా గైడు మేడం మాత్రం ఆ కాగితం కింద పెట్టలేదు. కరువు పల్లెలో వంటింటి నూనె ఇంత బాగుండదే, పోయి కనుక్కోని రా అనింది. నాకు ఒళ్లు మండింది. మా నాయన అబద్ధమాడతాడా అని మనసులోనే తిట్టుకుంటా బస్సెక్కినాను.

నేను నాయన్ను అడిగితే, అమ్మే బయటపెట్టింది. ఆయన గానుగకు తీసుకపోయింది మేం తినే గింజలు కాదు, విత్తనానికి ఏరిపెట్టిన గట్టి గింజలు. ఇంట్లోకని ఆ డబ్బాలోంచి ఒక్క గరిటె నూనె కూడా తీయనీలేదంట. మా దిక్కు అందరిదీ ఒకటే పద్ధతి. గట్టివి విత్తనానికి, తర్వాతవి మండీలో అమ్మేదానికి, ముడుచుకపోయిన తాలు గింజలు ఇంటి నూనెకు. నేను గట్టిగా అరిచినాను. నా పని మొత్తం మళ్లీ మొదటికొచ్చింది కదా అన్నాను.

"పెండ్లిచూపులకు పిల్లను చినిగిన చీరతో కూచోబెడతామా పాపా?" అన్నాడు నాయన, తల వంచుకొని.

తాలు గింజల నూనెతో మళ్లీ అంతా చేసినాను. ఆ ఓలిక్ ఆమ్లం తగ్గింది. నూనె తొందరగా ముక్కిపోయి వాసన కొడతాండాది. ఎలుకల రక్తంలో కొవ్వు కూడా పెరిగింది. మేడం సంబరపడింది, ఇదీ అసలు సంగతి అని. నాకు ఏడుపొచ్చింది. ఈ మాట నాయనకు ఏ ముఖంతో చెప్పేది? ల్యాబు ఫ్రిజ్జులో దాచిన మొదటి నూనె ఇంకా కొంచెం ఉంటే, సీసాలో పోసుకొని ఊరికి పోయినాను.

పంటలో దోషం లేదు నాయనా, మనకు మిగుల్చుకున్న గింజల్లో ఉండాది అని చెప్పినాను. అమ్మ వేడి సంగట్లో ఊరుబిండి పచ్చడి వేసి, డాక్టరుకు చెప్పొద్దని నవ్వుతా, నేను తెచ్చిన ఆ గట్టి గింజల నూనె ఒక్క చెంచా పోసింది. నాయన ఒక ముద్ద తిని ఆగిపోయినాడు.

"మన నూనె ఇట్లుంటాదా పాపా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెనక్కాయ పండించిన మనిషి, ఆ మాట నన్నడిగినాడు.